సైకిల్ కొనబోయే పెద్దమనిషి

ఆఫీసు రెండున్నర కిలోమీటర్లు. సైకిల్ మీద పది నిమిషాలు, సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే పన్నెండు. ఈ పాటి దూరానికి ఒక సైకిల్ కొనాలని పెద్దమనిషి సంక్రాంతికి తీర్మానించుకున్నాడు. కొన్నది దసరాకి. మధ్యకాలమంతా పరిశోధన.

హైదరాబాదులో అపార్ట్‌మెంటుకి ఒకడైనా ఇలాంటివాడు ఉంటాడు. నలభైకి అటూ ఇటూ వయసు, బెల్టు దాటి వచ్చిన పొట్ట. డాక్టరు "కాస్త నడవండి" అంటే ఈయనకి "సైకిల్ కొనండి" అని వినబడింది. ఆ రాత్రే ఫోనులో పట్టిక సిద్ధమైంది. ఫ్రేము ఉక్కుదా, అల్యూమినియందా? చక్రం 26 అంగుళాలా, 27.5 అంగుళాలా, 29 అంగుళాలా? డిస్కు బ్రేకు తీగతో లాగేదా, ఆయిల్‌తో పనిచేసేదా? పట్టిక అడ్డంగా పెరిగి పెరిగి ఫోను తిప్పి పట్టుకుంటే తప్ప కనబడని స్థితికొచ్చింది.

"ఏమండీ, వెళ్లేది ఆఫీసుకా, కైలాసానికా?" అంది భార్య.

గేర్లు 21 ఉండాలన్నది ఆయన పట్టు. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. మూడేడ్లు ఇరవై ఒకటి. లెక్క సరైనదే. కానీ వాటిలో చాలావాటి మధ్య తేడా కాలికి తెలిసేది కాదు. పైగా ఆయన దారిలో ఎత్తు అనదగినవి రెండే రెండు స్పీడ్ బ్రేకర్లు.

నిజానికి ఆయనకి కావలసిన సైకిలు రోజూ పొద్దున ఆరింటికి వాళ్ల గేటు ముందుకే వస్తుంది. పాలప్యాకెట్ల కుర్రాడిది. నల్ల రంగు, ఒకటే గేరు, ఇనప మడ్‌గార్డులు, ప్యాంటు నలగకుండా చెయిన్ కవరు, బరువు మోసే క్యారియరు, బండిని నిటారుగా నిలబెట్టే స్టాండు. 1951లో సోనిపట్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో ఈ రకంతోనే దేశం నింపేశాయి. కొత్తది కొన్నా వేలల్లోనే తేలిపోతుంది. కాకపోతే సెల్లార్‌లో కార్ల పక్కన పెడితే వాచ్‌మన్‌ది అనుకుంటారు. పట్టికలో ఎక్కడా రాయని గడి ఇదొక్కటే. మిగతా గడులన్నీ దీన్ని దాచడానికి పుట్టినవే.

అలాగని సైకిళ్ల మీద ప్రేమ లేదనడానికి లేదు. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, మూతపడిందని తెలిసి వాట్సాప్ గ్రూపులో మూడు ఏడుపు బొమ్మలు పెట్టాడు. అట్లాస్ కొనాలని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిస్తున్నామని ప్రకటన వచ్చాక, అమల్లోకి వచ్చే 2025 సెప్టెంబరు 22 దాకా ఆగాడు. ఆగిన రోజుల్లో ఆటోలకి పెట్టిందెంతో లెక్క వేసుకోలేదు. ఆ తర్వాతే షాపు గడప తొక్కాడు.

"ఎంత దూరం సార్?"

"రెండున్నర."

"దానికి సింగిల్ స్పీడు చాలు సార్. రాడ్డుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే మధ్యలో ఒకటి రెండంగుళాలు ఖాళీ ఉండాలి. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. సైజు కుదిరిందా, మిగతాదంతా రంగే."

తన బేరానికి తానే అడ్డం పడే ఇలాంటి షాపువాడు దొరకడం అదృష్టం. పెద్దమనిషి ఆ అదృష్టాన్ని పక్కకి నెట్టి, ముందు ఫోర్కు సస్పెన్షన్ ఎన్ని మిల్లీమీటర్లని అడిగాడు. చవక సైకిలుకి వచ్చే స్ప్రింగు ఫోర్కు గుంతల కన్నా తొక్కేవాడి ఓపికనే ఎక్కువ మింగుతుంది, బరువు అదనం. అయినా అదే కొన్నాడు. ఆదివారాలు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తిరుగుతాడట. నెత్తిన సోలార్ పలకల నీడ ఉన్న నున్నటి దారి అది. అక్కడ ఏ స్ప్రింగుకీ పనిలేదు.

దసరా పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఆ వారంలోనే వాన పడింది. మడ్‌గార్డులు లేని వెనక చక్రం ఆయన తెల్లచొక్కా మీద నడుము నుంచి మెడ దాకా నిలువునా బురద నామం దిద్దింది. హ్యాండిల్‌కి తగిలించిన లంచ్‌బాక్సు మోకాలికి కొట్టుకుని సాంబారు కారింది. చెయిన్ గ్రీజు ప్యాంటుకి అంటింది.

సందు చివర పంక్చర్ల షాపు తాత ఒక్కొక్కటే బిగించాడు: మడ్‌గార్డులు, క్లాంపు క్యారియరు, స్టాండు, గంట. చెయిన్ కవరు మాత్రం "ఈ గేర్లకి పట్టదు బాబూ" అన్నాడు. అన్నీ పెట్టాక చూస్తే పాలకుర్రాడి సైకిలుకి నీలం రంగు వేసినట్టుంది. ధర మాత్రం మూడింతలు.

ఇప్పుడు పెద్దమనిషి దృష్టి బ్యాటరీ సైకిళ్ల మీద పడింది. మోటారు 250 వాట్లకి, వేగం గంటకి 25 కిలోమీటర్లకి తక్కువుంటే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదట. బ్యాటరీ కాక బండి బరువు 60 కిలోల లోపుండాలని కూడా రూలు. తన బరువు అందులో కలుపుతారా లేదా అన్న దానికి పట్టికలో కొత్త గడి తెరిచాడు.