తట్టి చూసే అత్తయ్య

మా మేనత్త చెన్నైలో, వెస్ట్ మాంబళంలో ఉంటుంది. ఆవిడ టి.నగర్ రంగనాథన్ వీధిలో అడుగుపెట్టిందంటే గిన్నెల కొట్టువాళ్ళు ముందుగా మంచినీళ్ళు తాగి సిద్ధపడతారు. గిన్నె చేతికందగానే వేలి కణుపుతో ఠంగుమనిపించి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. అంచు గోరుతో తడుముతుంది. నేల మీద పెట్టి తిప్పుతుంది. ఊగిందా, అడుగు వంకర. అందులో పప్పు ఒకపక్కే మాడుతుందట. చివరికి "గనమే ఇల్లయే" అని అరవంలో పెదవి విరిచి, నావైపు తిరిగి తెలుగులో "వట్టి రేకురా" అంటుంది. కొట్టువాడూ తెలుగువాడేనన్న సంగతి మటుకు ఆవిడకి తట్టదు.

ఒక్క పనికే పనికొచ్చే సామాను ఇంట్లోకి రాకూడదన్నది ఆవిడ శాసనం. కత్తిపీట ఉండగా వెల్లుల్లి తరగడానికో యంత్రమా! సరే. మరి ఆవిడ అలమరలో నాలుగు కాఫీ ఫిల్టర్లెందుకు? "ఇద్దరికొకటి, నలుగురికొకటి, చుట్టాలొస్తే ఒకటి." నాలుగోదో? "అది ఇత్తడిదిరా!" అని కసిరింది.

2011లో జయలలిత ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచినప్పుడు, పక్కింటికెళ్ళి వాళ్ళ గ్రైండరు రాయి కూడా తట్టి చూసొచ్చింది.

ఇంత వెక్కిరించాక నా భాగోతమూ చెప్పాలి. నేను వేరు కాపురం పెట్టినప్పుడు చారుకని తగరపు చెంబు కొనిచ్చింది. ఇక్కడివాళ్ళు ఈయచొంబంటారు. "ఖాళీది పొయ్యి మీద పెట్టావంటే కరిగిపోతుంది" అని మూడుసార్లు చెప్పింది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. లోపల చారుంటే వేడి 100 దగ్గరే ఆగుతుంది గనక చెంబు బతుకుతుంది. ఈ సైన్సు నాకు తర్వాత తెలిసింది. ఒక రోజు మంట వెలిగించి, ఖాళీ చెంబు పెట్టి, ఫోన్లో ఉల్లిపాయలు తరిగే యంత్రం ధర చూస్తూ నిలబడ్డాను. తలెత్తేసరికి చెంబుకి అడుగు లేదు. బర్నరు చుట్టూ వెండి చుక్కలు.

అత్తయ్య ఒక్క మాటా అనలేదు. చల్లారాక ఆ ముద్దని తట్టి, "మంచి తగరమే" అని సంచిలో వేసుకుంది. ఈ చెంబులు తూకానికే అమ్ముతారు. వారం తిరక్కుండా కొత్తది తెచ్చిచ్చింది.

ఉల్లిపాయల యంత్రం కూడా వచ్చింది. రెండుసార్లు తరిగి అటకెక్కింది. కావలసినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి, అత్తయ్య చూడకముందే.