మిద్దె అమ్మకానికి: కియాకు దగ్గర, నీళ్లకు దూరం

పెనుకొండ చుట్టుపక్కల పాత మిద్దె అమ్మకానికి పెట్టిన అన్నదమ్ములను కదిలించి చూడండి. ఇంటి గురించి ఒక్క ముక్క చెప్పరు. కియా ఎంత దూరమో చెబుతారు, బెంగళూరు విమానాశ్రయానికి ఎంతసేపో చెబుతారు. 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి ఈ సీమలో కూలిన ప్రతి గోడా దానికి పక్కిల్లే. పత్రాలేవని అడిగితే "గ్రామకంఠం కదన్నా" అని నవ్వేస్తారు. కొనేవాడు మాత్రం మొండివాడు. వాడి ప్రశ్న ఒకటే: "నీళ్లెట్లుండాయన్నా?" దాంతో బేరగాళ్ల నోట తడి ఆరిపోతుంది. ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల వాన చూసే నేల మరి.

రాని వైభవాన్ని తాకట్టు పెట్టడం మనకు కొత్తా? లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు కట్టబెట్టారు. నాలెడ్జ్ రాలేదు, భూమి మాత్రం కొంత బ్యాంకుల తాకట్టులోకి పోయింది. పెద్దలే అంత పని చేస్తే, మూడంకణాల మిద్దె ఉన్నవాడు బెంగళూరును చూపించి ధర పెంచడం ఏపాటి నేరం?

చౌడు మిద్దెకు వానలకు ముందే పైన చౌడు మట్టి కొత్తగా పరవాలి. లేదంటే కారుతుంది. బెంగళూరులో పెద్దోడు, అమెరికాలో చిన్నోడు ఏళ్ల తరబడి ఒక్క తట్ట మట్టికి డబ్బు పంపిన పాపాన పోలేదు. అయినా దూలాలు నిలిచాయంటే సగం పుణ్యం వరుణుడి పిసినారితనానిది. ప్రతి సభలో మనం తిట్టిపోసే కరువే ఈ ఇంటికి జీతం లేని కాపలాదారు. మిగతా సగం పుణ్యం ఎవరిదో తర్వాత చెబుతాను.

కొనేవాణ్ణి మాత్రం ఊరికే వదలడం ఎందుకు? నీళ్లడిగిన ఆ బుద్ధిమంతుడే ఈశాన్యం పెరిగిందా, నైరుతి తగ్గిందా అని టేపు పట్టుకుని కొలుస్తాడు. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. ఆ ఇళ్లకు వాస్తు చూడకుండా ముగ్గు పోసి ఉంటారా? వంక ఎటు పారుతుందో చూసిన పంతులే లేడు. కరువు జిల్లాలో ఇల్లు నీట ముంచుకోవాలంటే ప్రతిభ కావాలి. అది మనవాళ్లకు దండిగా ఉంది.

బేరం కుదిరే వేళకు అన్నదమ్ముల్లో ప్రేమ ఊరుతుంది. వీడియో కాల్‌లో అవ్వ చేసిన ఓళిగలు తలచుకుంటారు, పడసాలలో ఆడిన ఆటలు తలచుకుంటారు, కళ్లు తుడుచుకుంటారు. ఆ తుడుచుకున్న చేత్తోనే రొక్కాన్ని రెండుగా భాగిస్తారు. రెండుగానే! ఊళ్లోనే ఉన్న అక్క లెక్కలోకి రాదు. నాయన మంచాన పడితే చేసింది ఆమే. ఏటా కూలీలను పిలిచి చౌడు పోయించిందీ ఆమే. ఆ మిగతా సగం పుణ్యం ఆమెది. ఇప్పుడు పట్టుచీర పళ్లెంలో పెట్టి, "పుట్టింటి పసుపు కుంకుమక్కా, ఇక్కడొక సంతకం పెట్టు" అంటారు.

ఎన్టీఆర్ హయాంలో, 1986లోనే మన రాష్ట్రం పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం పెళ్లయిందా లేదా అన్న తేడానూ తీసేసింది. ఇంకా అనుమానం మిగిలినవాళ్లకు 2020లో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. ఫోన్లో కియా దూరం క్షణంలో కొలిచే తమ్ముళ్లకు ఈ వార్త ఒక్కటే ఇంకా అందలేదు.

అక్కా, చీర తీసుకో. పసుపు కుంకుమా తీసుకో. హక్కు విడుదల పత్రం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. తమ్ముళ్లు అలిగితే, ఇన్నేళ్ల చౌడు మట్టి కూలి లెక్క తీసి వాళ్ల ముందు పెట్టు.