జట్టు తప్ప సర్వమును సిద్ధము

సికింద్రాబాదు గడియారస్తంభము చెంత, ఇరానీ చాయ్ చల్లారుచున్నను గమనింపక, హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎడమపక్క రక్షణకు ఏ యువకుని ఎన్నుకొనవలయునో, గోలు కొట్టుటకు ఎవనిని కొనితేవలయునో సోదాహరణముగా నిరూపించుచున్న ఫుట్‌బాల్ పండితునితో, 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన ఆ జట్టు 2025లోనే పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినదని పక్కవాడు విన్నవింపగా, “అది యాజమాన్యపు చిక్కు, మన ప్రస్తుతాంశము మిడ్‌ఫీల్డు” అని ఆయన త్రోసిపుచ్చెను.

ఈ సికింద్రాబాదు అమ్ముగూడలోనే జన్మించిన తులసీదాస్ బలరాం, రహీం సాహెబు శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సునందు నాలుగవ స్థానము పొందిన భారత జట్టులో ఆడినాడు. అప్పుడు ఇట్టి జాబితాలు లేవు, ఆడుటకు మైదానములు మాత్రము ఉండెడివి. పండితుడు ప్రస్తుతము గోల్‌కీపరు ఎత్తును గూర్చి తర్కించుచున్నాడు.