పోర్టు 25 దగ్గర ఆగిపోయిన అర్జీ

తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి గారికి,



ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద 5 కోట్ల దాకా నష్టపరిహారం తగాదాలు తీర్చే అధికారి కూడా తమరే. రేపు ప్రతివాదిగా తమ ముందు నిలబడేకన్నా ఇవాళే అర్జీదారుగా రావడం నయమనిపించింది.

నేను జహీరాబాద్ దాటాక, కర్ణాటక సరిహద్దున ఉన్న చిరాగ్‌పల్లిలో చిన్న మెయిల్ సర్వర్ నడుపుకుంటున్నాను. లారీ డ్రైవర్లకు మా ఊరంటే చెక్‌పోస్టే. అక్కడ లారీ ఆపి కాగితాలడిగిన అధికారి వెనక చట్టం ఉండేది. నేను స్పామ్ కక్కుతున్న సర్వర్‌ను ఒక్క ప్రశ్న అడగాలంటే ముందు వకీలును అడగాల్సి వస్తోంది.

ప్రశ్న ఇదీ. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పోర్టు 25లో పలకరించి, "ముక్కూమొహం తెలియని నా ఉత్తరాన్ని ఇంకెవరికో చేరవేస్తావా?" అంటాను. 550 అంటే పొమ్మన్నట్టు. 250 అంటే సరేనన్నట్టు, అంటే ఓపెన్ రిలే కావచ్చు. 1982లో ఈ మెయిల్ ప్రోటోకాల్ రాసుకున్న రోజుల్లో అలా చేరవేయడం మర్యాద. ఆ మర్యాదను స్పామర్లు అలుసుగా తీసుకున్నారు. చిక్కేమిటంటే, 250 అన్న ప్రతి సర్వరూ నిజంగా చేరవేయదు. రూఢి చేసుకోవాలంటే ఉత్తరం పంపి చూడాల్సిందే. అంటే ఎదుటివాడి యంత్రాన్ని అడక్కుండా నా పనికి వాడుకోవాల్సిందే.

ఐటీ చట్టం 43వ సెక్షన్ పట్టుకునేది అక్కడే. యజమాని లేదా బాధ్యుడి అనుమతి ఉందా అంటుందే గానీ బుద్ధి ఎలాంటిదని అడగదు. బుద్ధి సంగతి 66వ సెక్షన్ చూస్తుంది: కపటమో మోసమో ఉంటేనే మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కనుక నాకు జైలు తప్పొచ్చు, జేబుకు చిల్లు తప్పదు. ఆ సర్వర్ 70వ సెక్షన్ కింద రక్షిత వ్యవస్థగా గెజిట్‌కెక్కి ఉంటే ప్రయత్నానికే పదేళ్ల దాకా శిక్ష. ఐపీ అడ్రసు మీద గెజిట్ నంబరు రాసి ఉండదు కదా!

అసలు విడ్డూరం రెండో సెక్షన్‌లో ఉంది. కంప్యూటర్‌తో సంభాషించడమూ 'యాక్సెస్' కిందికే వస్తుందట. ఆ లెక్కన ఈ లేఖ తమకు మెయిల్ చేయాలన్నా ముందు అనుమతి కావాలేమో. అందుకే బహిరంగంగా రాస్తున్నాను.

పరీక్ష గట్టెక్కినా, తేలిన సర్వర్లను జాబితాకెక్కించడంలో ఇంకో చిక్కుంది. న్యూజిలాండ్‌లో ఓపెన్ రిలేలను వెతికి జాబితా కట్టిన ఓర్బ్స్, కోర్టు కేసుల దెబ్బకు 2001లో మూతపడింది. అలాగే స్పామర్ల జాబితాలు కట్టే స్పామ్‌హాస్ మీద 2006లో అమెరికా కోర్టు కోటీ 17 లక్షల డాలర్ల తీర్పిచ్చింది. అప్పీళ్లు తిరిగి తిరిగి 2011లో అది మూడు డాలర్లకు దిగింది. అక్షరాలా మూడే. దానికి అన్నేళ్లు పట్టింది. నేనైతే మొదటి వాయిదాకే సర్వర్ అమ్ముకోవాలి.

ఫోన్లో విసిగించేవాడిపై ఫిర్యాదుకు 1909 ఉంది. మెయిల్‌కు అలాంటి నంబరూ లేదు, ప్రత్యేక చట్టమూ లేదు. స్పామర్ నిశ్చింతగా ఉన్నాడు, సెక్షన్లు చదువుకుంటున్నది నేను.

కాబట్టి మనవి. స్పామ్ పంపిన సర్వర్‌నే, ఉత్తరం దించకుండా, 250 లేదా 550 వినేంతవరకు పరీక్షిస్తే తప్పు కాదని కేంద్రంతో మాట్లాడి రాతపూర్వకంగా ఇప్పించండి. తప్పేనంటే అదైనా రాసివ్వండి. ఆ కాగితాన్ని ముందుగా స్పామర్లకే పంపుకుంటాను.

ఇట్లు,
చిరాగ్‌పల్లి నుంచి
తమ విధేయుడు