ఒళ్లు అలవని ఇంటర్న్‌షిప్: వల్లూరు కుర్రకారుకు ఏడు చిట్కాలు

డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పదు కదా! పాత కాగితాలను కంప్యూటర్‌కెక్కించే పని పట్టండి. ఇలా చేస్తే సర్టిఫికెట్ ఖాయం.

1. చోటు చూసుకోండి. కడపలో సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రానికి పోవద్దు. అక్కడ తాళపత్రాలున్నాయి, తెలిసినవాళ్లున్నారు; పని నేర్పేస్తారు. కంప్యూటర్ ముట్టని పెద్దాయన చూసుకునే ఊరి గ్రంథాలయమో, గుడి కమిటీనో పట్టుకోండి. ‘డిజిటల్ చేస్తాం సార్’ అంటే టీ కూడా తెప్పిస్తారు.

2. స్కానర్ జోలికి పోకండి. ఫోన్‌తో కొట్టేయండి. బొటనవేలు పడితే మంచిదే, పేజీ మీరే పట్టుకున్నారని రుజువు. ఫొటోలు వాట్సాప్‌లో పంపుకోండి. సైజు తగ్గుతుంది, అక్షరాలు అలుక్కుపోతాయి, చదవమని ఎవరూ అడగరు.

3. తాటాకు కట్ట దొరికితే నిమ్మగడ్డి నూనె పూసి ఒక్కో ఆకూ తుడవమంటారు. పూట పోతుంది. ఎండలో పడేయండి. పెళుసెక్కి విరుగుతాయి, ముక్కలైతే అన్నీ ఒక్క ఫొటోలో పడతాయి. చిరిగిన కాగితానికి సెల్లోటేపు చాలు.

4. ఫైలుకు ఊరు, సంవత్సరం రాయకండి. ‘కొత్త ఫోల్డర్ 2’ బాగుంటుంది. 1800ల తొలినాళ్లలో కంపెనీ సర్వేయర్ మెకంజీ మనుషులు కరణాలను అడిగి ఊరూరి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు. అందుకే వాటిని ఇప్పటికీ వెతికి చదువుతున్నారు. మీ ఫైళ్లకు ఆ తాకిడి రానివ్వకండి.

5. టైపింగ్ డీటీపీ సెంటర్లో ‘అను’ ఫాంట్లలో చేయించండి. యూనికోడ్ అయితే వెతికితే దొరుకుతుంది, తప్పులూ దొరుకుతాయి. బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులను పెట్టి, ఒక్కో కావ్యానికి పలు ప్రతులు సరిచూపించాడు. మీకు ఆ ఖర్చెందుకు? సరిచూడకండి.

6. ఫైళ్లు మూడు చోట్ల దాచమంటారు. ఒక్క పెన్‌డ్రైవ్ చాలు, బండి తాళానికి తగిలించండి. పోతే ‘వైరస్ తినేసింది సార్’ అనండి. పనికి పోని రోజు ‘పెన్నకు నీళ్లొచ్చాయి, పుష్పగిరి దగ్గర దాటలేకపోయాం’ అనండి. చెల్లెలి పెళ్లి సాకు ఒక్కసారే వాడండి.

7. చివరగా అసలు కాగితాలు పాత సామాన్లవాడికి తూకానికి వేయించండి. పోల్చి చూడ్డానికి అసలు లేకపోతే తప్పు పట్టేవాడే ఉండడు. వచ్చిన డబ్బుతో దోసెలు తినండి.

సంతకం పడగానే సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించండి. భద్రపరచాల్సింది అదొక్కటే.