రంజన్ చెప్పిన నీళ్ల లెక్క

కోస్గి బస్టాండుకు కాస్త ఎడంగా, ఒక కిరాణం దుకాణం అరుగు మీద, వేపచెట్టు నీడన నా మకాం. ఎర్రటి ఒళ్లు, నడుముకు తడి గోనెసంచి, కింద ఇసుక పరుపు, పొట్ట దగ్గర ప్లాస్టిక్ నల్లా, నెత్తిన సత్తు మూత. మూతకు గొలుసు, గొలుసుకు గ్లాసు. ఊరి జనం మీద అనుమానంతో కట్టిన గొలుసు కాదది, మా గ్లాసులకే కాళ్లు ఎక్కువ. నన్ను రంజన్ అంటారు. పొద్దుగాల పొట్టనిండా నీళ్లు పోయించుకుని, పొద్దుగూకేలోపు ఉన్నదంతా ఊరికి పంచిపెట్టడం నా ఉద్యోగం. కాబట్టి నీళ్లు ఎన్ని తాగాలనే విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు బాగానే ఉందనుకుంటాను.

పుట్టింది పక్క ఊరి కుమ్మరి వాకిట్లో. చెరువు మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లెడపట్టి, ఇసుక కలిపి తొక్కారు. సారె మీద గొంతు నిలబెట్టాక, లోపల రాయి అడ్డంపెట్టి బయట చెక్కతో తట్టి తట్టి పొట్ట పెంచారు. పొట్ట తగ్గాలని జనం పడే పాట్లు రోజూ చూస్తుంటాను గదా, పొట్ట రావడం కోసం దెబ్బలు తిన్నది మా జాతి ఒక్కటేనేమో అనిపిస్తుంది. ఆవంలో కాలి బయటికి వచ్చేసరికి నాకు అబ్బిన విద్య చెమట పట్టడం. ఒళ్లంతా కంటికి ఆనని రంధ్రాలు. వాటిలోంచి నీరు ఊరి, పైకి వచ్చి, గాలికి ఆవిరవుతుంది. ఆవిరవడానికి కావలసిన వేడిని లోపలి నీళ్ల దగ్గర్నించే గుంజుకుంటుంది. లీటరు నీరు అట్లా పోతే, తిండి లెక్కలో చూస్తే సుమారు 580 కేలరీలు పోయినట్టు. నాలుగు జొన్నరొట్టెల పెట్టు! కూర్చున్నచోటి నుంచి కదలకుండా ఇన్ని కేలరీలు కరిగించేవాళ్లు ఇంకెవరన్నా ఉంటే చూపించండి. అయినా నా నడుము కొలత అంగుళం కూడా తగ్గలేదు.

ఈ విద్య పొడి గాలి ఉంటేనే నడుస్తుంది. పాలమూరు ఎండ అందుకు తగ్గదే. కాగితాల మీద మాది 2019 నుంచి నారాయణపేట జిల్లా. ఎండ మాత్రం ఇంకా పాలమూరు ఎండే. సముద్రం ఒడ్డున ఉక్కపోతలో పెడితే నేనూ చేతులెత్తేస్తాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో తమాషా మనిషి ఈ దుకాణం సేటు కొడుకు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కంప్యూటర్ ఉద్యోగం. పండక్కి వచ్చినప్పుడు మూరెడు బాటిల్ వెంట తెస్తాడు. దాని మీద గీతలు, గీతల పక్కన గంటలు. తొమ్మిదికి ఇంత, పదకొండుకు ఇంత. గీత దాటకపోతే జేబులో ఫోను టింగుమంటుంది. ఓ రోజు నా నల్లా తిప్పి బాటిల్ నింపుతుంటే టింగుమంది. పక్కనే కూరగాయల గంప దించుకున్న అవ్వ అదిరిపడింది.

"ఏంది బిడ్డా అది?"

"నీళ్లు తాగమని చెప్తుంది అవ్వా. రోజుకు ఎనిమిది గ్లాసులు తాగాలె గదా."

"దప్పికైంది లేంది ఫోను జెప్పాల్నా? నీ నాలిక పనిజేస్తలేదా?"

అరుగు మీద పేపరు చదువుకుంటున్న సారు నవ్వాపుకోలేకపోయాడు. ఈయన రిటైరైన సైన్సు పంతులు. నాకున్న లోకజ్ఞానమంతా ఈయన చలవే. ఎనిమిది గ్లాసుల పురాణం ఆయనే విప్పాడు. 1945లో అమెరికా ఆహార పోషణ బోర్డు మనిషికి రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలన్నదట. ఆ వెనకాలే, ఇందులో చాలావరకు వండిన తిండిలోనే దొరుకుతుందని కూడా రాసిందట. ముందు మాట లోకమంతా పాకింది, వెనక మాటను ఎవరూ చదవలేదు. 2002లో హైన్జ్ వాల్టిన్ అనే కిడ్నీ శాస్త్రవేత్త ఈ ఎనిమిది గ్లాసులకు ఆధారమేదని వెతికాడు. ఆరోగ్యంగా ఉండి, చల్లని పట్టున, పెద్దగా ఒళ్లు వంచని మనుషులు లెక్కపెట్టి మరీ అన్ని తాగాలనడానికి ఆయనకు రుజువు దొరకలేదు. 2022లో 23 దేశాల్లో 5,600 మందికి పైగా మనుషుల ఒంట్లో నీటి రాకపోకలు కొలిచారు. వయసు, పని, ఎండ, ఒళ్లు, ఊరు... ఏది మారినా లెక్క మారింది. అందరికీ సరిపడే ఒక్క అంకె తేలలేదు.

"మరి మన హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థోళ్లు గూడ ఎనిమిది గ్లాసులనే రాసిన్రు గద సారూ?" అన్నాడు సేటు, కొడుకును వెనకేసుకొస్తూ.

"అది గుర్తుంచుకోవడానికి చెప్పిన ఉజ్జాయింపు సేటూ. ఎండలున్నప్పుడు, ఒళ్లు వంచినప్పుడు ఎక్కువ కావాలని కూడా వాళ్లే రాశారు. అవ్వ పొద్దున ఏం తిని వచ్చిందో అడగండి."

అవ్వ తాగి వచ్చింది జొన్న అంబలి, మీదికి ఉల్లిగడ్డ. ముంతెడు అంబలిలో జొన్నపిండి పిడికెడే, మిగతాదంతా నీళ్లే. మధ్యాహ్నం అన్నమైనా మూడింట రెండొంతులు నీరే. పచ్చిపులుసు, మజ్జిగ సంగతి చెప్పాల్సిన పనే లేదు. బాటిల్ గీతల్లో ఇవేవీ లెక్కకు రావు. టీ కూడా రాదట. సేటు కొడుకు టీ తాగితే దానికి ప్రాయశ్చిత్తంగా ఇంకో గ్లాసు నీళ్లు తాగుతాడు. టీ, కాఫీ ఒంట్లో నీటిని తోడేస్తాయని ఎవరో చెప్పారట. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పరిశోధకులు రోజూ కాఫీ తాగే అలవాటున్న 50 మందికి కొన్నాళ్లు కాఫీ, కొన్నాళ్లు నీళ్లు ఇచ్చి చూశారు. 2014లో అచ్చయిన ఆ లెక్కలో రెంటికీ తేడా కనబడలేదు. బస్టాండు హోటల్ మాస్టరు ఈ మాట విని సారుకు ఆ పూట చాయ్ ఊరికే పోశాడు.

నాకంటే ముందు ఈ అరుగు మీద ఉన్న పెద్ద రంజన్ పగుళ్లిచ్చి, ఇప్పుడు పెరట్లో తులసి చెట్టును మోస్తోంది. దాని కాలం నాటి సంగతులు ఇంకా గమ్మత్తు. 2017, 18ల్లో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపేసిన రోజులవి. అన్నం బంద్, రొట్టె బంద్. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె లాంటి కొవ్వు, మూడు నిమ్మకాయలు, మల్టీవిటమిన్ గోళీలు, నాలుగు లీటర్ల నీళ్లు. నెత్తికి పెట్టుకునే కొబ్బరినూనె నోట్లోకి పోతుందేందని సేటు బిత్తరపోయాడట. బిత్తరపోతూనే అల్మారా ముందు వరసలోకి నూనె డబ్బాలు జరిపాడు. అంతకు ఎంతో ముందు నుంచే మంతెన సత్యనారాయణరాజు గారు టీవీలో ఉప్పు మానండి, లేవగానే లీటరు పైన నీళ్లు పట్టించండి అంటూ ఉండేవారు. ఒకాయన ఉప్పు తీసేస్తే, ఇంకొకాయన అన్నం తీసేశాడు. నీళ్ల దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు! వాళ్లను నమ్మి బరువు తగ్గినవాళ్లూ ఉన్నారు, అది కాదనను. పళ్లెంలోంచి సగం తిండి ఎత్తేశాక తగ్గిన బరువును నీళ్ల ఖాతాలో రాసేస్తేనే నాకు నవ్వొస్తుంది.

నీళ్ల మహిమ బొత్తిగా లేదనీ కాదు. 2010లో అమెరికాలో 55 ఏళ్లు దాటిన 48 మంది మీద చేసిన పరీక్షలో, భోజనానికి ముందు అర లీటరు నీళ్లు తాగినవాళ్లు 12 వారాల్లో మిగతావాళ్లకంటే రెండు కిలోల దాకా ఎక్కువ తగ్గారు. కడుపు నిండి ముద్ద తగ్గింది, అంతే. ఆ మాట చెబితే మా అరుగు మీద పెద్ద గొడవే అయింది. తినేముందు తాగితే జఠరాగ్ని ఆరిపోతుందని ఒకాయన, తినేటప్పుడు తాగితే తిండి పులిసిపోతుందని ఇంకొకాయన, తిన్నాక తాగితే పొట్ట వస్తుందని మూడో ఆయన. ముగ్గురి మాటా వింటే మనిషి తాగడానికి మిగిలేది నిద్రపోయేటప్పుడే. ఇంతలో నాలుగో ఆయన వచ్చి, నిలబడి తాగితే నీళ్లు నేరుగా మోకాళ్లలోకి దిగుతాయన్నాడు. గొంతులోంచి మోకాలికి దారి ఎటు నుంచో నాకైతే తెలియదు. నాకు నల్లా పెట్టిన కుమ్మరికి కూడా ఆ ఉపాయం తట్టలేదు.

ఫ్రిజ్ నీళ్ల మీద రెండు పార్టీలున్నాయి. చల్లటి నీళ్లకు కడుపులో కొవ్వు గడ్డకడుతుందని ఒక పార్టీ, చల్లటి నీళ్లకు కొవ్వు కరుగుతుందని ఇంకో పార్టీ. అర లీటరు ఫ్రిజ్ నీళ్లను ఒంటి వేడికి తేవడానికి దేహానికి పట్టే ఖర్చు 15 కేలరీలు. మిర్చీబజ్జీలో ఒక కొరుకుకైనా చాలదు. పరగడుపున తేనె, నిమ్మరసం తాగితే కొవ్వు పోతుందంటారు. పెద్ద చెంచాడు తేనె అంటేనే 60 కేలరీలు లోపలికి. ఇక డిటాక్స్ నీళ్లంటూ దోసకాయ ముక్కలు, పుదీన వేసుకొచ్చేవాళ్లను చూస్తే జాలి. మనిషి నడుము వెనక పిడికెడంత కిడ్నీలు రెండు, రోజుకు 180 లీటర్ల దాకా వడపోసి, 178 లీటర్లు తిరిగి ఒంట్లోకే పంపేస్తాయి. నాలో పట్టేది 20 లీటర్లు. అంతటి మిషన్ను లోపల పెట్టుకుని పుదీన రెబ్బ మీద ఆశ పెట్టుకుంటారేం?

నవ్వులు పక్కనపెట్టి ఒక మాట చెప్పాలి. నా ఒంటి మీద తెల్లటి పొర కనబడుతోందా? బోరునీళ్లలోని లవణాలు ఊరి వచ్చి అట్లా పేరుకుంటాయి. అవి కనబడతాయి గనక నయం. ఫ్లోరైడ్ కనబడదు, రుచి తెలియదు, వాసన రాదు. 1937లోనే నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి వైద్యులు రాసిపెట్టారు. నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి దేశానికంతా తెలుసు. లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత. అట్లాంటి బోరు ఉన్న ఊళ్లో, ఎండలో ఒళ్లు వంచే మనిషికి ఎక్కువ నీళ్లు తాగండని చెప్పడమంటే ఎక్కువ ఫ్లోరైడ్ తాగమని చెప్పినట్టే. గ్లాసులు లెక్కపెట్టే ముందు ఆ గ్లాసులో ఏముందో లెక్కపెట్టాలి. మరిగిస్తే పోతుందనుకుంటారు, పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. నాలో పోసినా పోదు, నేను చల్లబరచగలను గానీ శుద్ధి చేయలేను. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో తయారు చేసి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ తర్వాత ఆర్వో యంత్రాలు వచ్చాయి, 2016లో రాష్ట్ర ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ మొదలై నది నీళ్లు పైపుల్లోకి ఎక్కాయి. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లన్నది దాని లెక్క. నల్లా నీళ్లు వచ్చిన రోజు నాకు ఆ నీళ్లే పోయండి. రాని రోజు బోరు నీళ్లు పోస్తే, దాని పరీక్ష ఎప్పుడు చేయించారో ఒకసారి అడగండి.

నా అసలు గిరాకీ సెంట్రింగ్ కూలీలు, ఉపాధి పనికి పోయి వచ్చేవాళ్లు. వీళ్ల దగ్గర ఫోను టింగుమనదు. గ్లాసు పెదాలకు తగలకుండా ఎత్తి గటగటా పోసుకుంటారు, గొంతుముడి పైకీ కిందికీ ఆడుతుంది, ఆఖరి గుక్క మొహం మీద చల్లుకుంటారు. ఎండలో పని చేసేవాళ్లు పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలని, గంటకు దాదాపు లీటరున్నర దాటొద్దని పని భద్రత నిపుణులు చెబుతారు. ఉపాధి పని జరిగేచోట తాగునీరు, నీడ ఉండాలని చట్టమే చెప్పింది. ఒక్కసారే కడవెడు పట్టిస్తే మంచిది కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం పడిపోయింది. పరుగెత్తి బరువు తగ్గాల్సింది పోయి, నీళ్లు తాగి తాగి బరువు పెరిగినవాళ్లే వాళ్లలో ఎక్కువ. చెమటతో ఉప్పు కూడా పోతుంది. అందుకే ఉప్పేసిన అంబలి, మజ్జిగ. ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే సగం సగం కలపొద్దు, లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే.

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్ల గురించి ఏ డైట్ గురువూ చెప్పడు. అంగడి రోజు దూరం ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు. నా ముందు నిలబడి, గ్లాసు నింపుకుని, సగం తాగి మిగతాది చేతుల మీద పోసుకుంటారు. "ఇంకింత తాగు పెద్దమ్మా" అని సేటు అంటే, "తాగితే పోయేతందుకు జాగేది బిడ్డా, బస్సెక్కేదాంక ఆపుకోవాలె" అని ఒకామె గొంతు తగ్గించి అన్నది. వాళ్లకు దప్పిక తెలుసు, లెక్క తెలుసు, నీళ్లు ఎదురుగా ఉన్నాయి. లేనిది తలుపున్న శుభ్రమైన మరుగుదొడ్డి. ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగుతున్నారని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ముందు ఆ తలుపు గురించి మాట్లాడితే బాగుంటుంది.

నా తీర్పు అడిగితే ఇదీ. ఒళ్లు బాగున్న మనిషికి దప్పికే గడియారం. మూత్రం ముదురు పసుపు పచ్చగా వస్తే ఇంకో గ్లాసు తాగండి. ముసలివాళ్లకు దప్పిక సరిగా తెలియదు, చిన్నపిల్లలు చెప్పలేరు, మీరే అడిగి ఇవ్వండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఎక్కువ తాగాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు డాక్టరు చెప్పినంతే తాగాలి, నా మాటా వద్దు, టీవీ మాటా వద్దు.

మార్చి రాకముందే మీ వాకిట్లో కూడా ఒక రంజన్ పెట్టండి. రోజూ పాత నీళ్లు చెట్టుకు పోసి, లోపల కొబ్బరిపీచుతో రుద్ది కడిగి, కొత్త నీళ్లు నింపి మూత పెట్టండి. సబ్బు మాత్రం వాడొద్దు. రంధ్రాల్లో చేరితే ఎన్ని నీళ్లు పోసి కడిగినా ఆ వాసన పోదు.