పరాభవ శుభాకాంక్షలు

ప్రభవాది షష్టి సంవత్సరములలో నలువదియవదియు, పేరు వినినంతనే శ్రోత ముఖము చిట్లించుకొనదగినదియు అగు పరాభవ నామ సంవత్సరమున, అనగా 1966లో, నేను ఆలూరులో జన్మించితిని. ఆ సంవత్సరమే తన ప్రదక్షిణము ముగించుకొని 2026 మార్చి 19వ తేదీన ఉగాదితో కూడ మరల మా గుమ్మములోనికి వచ్చి నిలిచినది గనుక, అరువదియేండ్ల మనుష్యునకు ఏదేని ఘనకార్యము చేయవలెనను బుద్ధి పుట్టుట సహజము. ఇతరులు కాశికి పోవుదురు. నేను గ్రీటింగు కార్డులు చేసితిని.

ఇందులకు మూలకారణము అమెరికాలోనున్న నా మేనకోడలు. సంక్రాంతికి ఆమె స్వహస్తములతో చేసి పంపిన కార్డులో ఒక గాలిపటము, గాలిపటమునకు తోక, తోకను పట్టుకొని మూడు సీతాకోకచిలుకలు ఉండెను. ఆ చిలుకల మీసములు సైతము, తలవెండ్రుకకంటె లావు లేనివి, అంచు చెదరకుండ కోయబడియుండెను. కత్తెరతో ఇట్లెట్లు కోసితివని ఫోనులో అడిగితిని.

"కత్తెర కాదు మామయ్యా, డై కటింగ్ మిషన్!"

పదునైన అంచు గల ఉక్కు అచ్చును కాగితముపై నుంచి, క్రిందనొక పలకను పైనొక పలకను చేర్చి, ఆ దొంతరను రెండు రోలర్ల నడుమ దూర్చి పిడి త్రిప్పినచో ఆవలిప్రక్క చిలుక వెలువడునట. నాకు వెంటనే బోధపడినది: ఇది మన చెరుకురసపు బండియే, గడకు బదులు కాగితము, రసమునకు బదులు చిలుక. తరువాత దాని వెల విని, మార్కెట్టు యార్డులో పసుపు ధర పడిన దినమున రైతు బస్తాపై కూర్చుండునట్లు కూర్చుండిపోయితిని.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. 1843లో లండను నగరమున హెన్రీ కోల్ అను ఉద్యోగి, క్రిస్మసుకు వచ్చిపడిన ఉత్తరములన్నింటికిని ప్రత్యుత్తరములు వ్రాయ తీరిక లేక, హోర్స్లీ అను చిత్రకారునిచేత ఒక బొమ్మ వేయించి వేయి ప్రతులు అచ్చొత్తించి, తన అవసరమునకు మిగిలినవానిని ప్రతి యొక్కటి షిల్లింగు చొప్పున అమ్మించెను. అనగా క్రిస్మసు కార్డు శ్రమ తప్పించుకొనుటకే పుట్టిన వస్తువు. అట్టి కార్డును చేతితో చేయబూనుట మిక్సీ కొని, దాని ప్రక్కనే కూర్చుండి రోట దంచుట వంటిది. ఈ సంగతి తెలిసియే చేసితిని.

యంత్రము లేకున్న నేమి, ఆలూరులో అచ్చులకు కొదువయా? మా ఊరి మోటారు మెకానిక్కు గ్యాస్కెటు చేయు విధమును ఎన్నడైన గమనించితిరా? మందపు కాగితమును ఇంజను ముఖముపై పరచి, గుండ్రని తల గల సుత్తితో అంచు వెంబడి టకటక కొట్టుకొనుచు పోవును. ఇనుప అంచే కాగితమును కోయును. బోల్టు రంధ్రమున్నచోట బేరింగు గుండునుంచి ఒక్క దెబ్బ వేసిన, నాణెము వంటి బిళ్ళ ఊడి క్రిందపడును. మేనకోడలి యంత్రము చేయు పని ఇంతకంటె భిన్నమైనది కాదు. నేను మామిడాకు బొమ్మ గీచి అతని చేతికిచ్చితిని. అతడు దానిని అటునిటు త్రిప్పి చూచి, "ఇది ఏ బండిది సారూ?" అని అడిగెను. ఉగాదిదంటిని. ఆ మోడలు తనకడకు ఇంతవరకు రాలేదనెను.

కార్డు అంచులకు మా ఇంటి గరిజెల చక్రము నుపయోగించితిని. అది పిండిని కోయునట్లు అట్టను కోయలేదు. కేవలము పండ్లగాట్లు పెట్టినది. దానినే శిల్పమంటిని. "ఆ చక్రం మల్ల గరిజెలకు పనికొస్తదా?" అని మా ఇంటావిడ అడిగిన ప్రశ్నకు నేటివరకు నా యొద్ద సమాధానము లేదు, నాటినుండి గరిజెలు కొనియే తినుచున్నాము.

ఇక అక్షరములు. గోనెసంచులపై మార్కా వేయు రేకులను చూచియున్నాను గదా, అట్టముక్కలో "పరాభవ" అని చెక్కి, సంచిపై వలెనే కుంచెతో సిరా అద్దుదమనుకొంటిని. ఆ రేకులలో ప్రతి గుండ్రని అక్షరమును ఒకటి రెండుచోట్ల తెగియుండును. అది పనివాని అశ్రద్ధయని చిరకాలముగా నా అభిప్రాయము; కావున నా అక్షరములలో ఆ లోపమును సవరించి, 'ర'ను సంపూర్ణవలయముగా చెక్కితిని. చెక్కుట ముగిసిన క్షణముననే 'ర' కడుపు ఊడి నా ఒడిలో పడినది. తెగియున్నచోటులు అక్షరగర్భమును నిలిపియుంచు వంతెనలని అప్పుడు తెలిసినది. తాటాకుపై గంటముతో వ్రాసి వ్రాసి మన అక్షరములు గుండ్రబడినవందురు. ఆ పూర్వులకు అట్టముక్క సంగతి తోచియుండదు. మిగిలిన రంధ్రములో సిరా అద్దగా 'రా' ఒక నల్లని ముద్దయైనది. చూచినవారందరును దానిని "ప్రభవ" అని చదివిరి. ప్రభవ వచ్చుటకు ఇంకను 21 సంవత్సరములు కలవు.

పువ్వులు మాత్రము సులభముగనే కుదిరినవి. బెండకాయ నడ్డముగా కోసిన ఐదు రేకుల ముద్ర సిద్ధము. మొదటి రెండు ముద్రలకు జిగురు సాగును, మూడవదానినుండి స్వచ్ఛముగా పడును. రంగు పసుపే. తవ్వి, ఉడికించి, కళ్ళములో ఎండబెట్టి, డ్రమ్ములో త్రిప్పు దినములలో మా ప్రాంతమున కుక్కలు సైతము పచ్చగా తిరుగుచుండగా, నేను రంగు కొనుటయా? అయితే పసుపు నీటిలో కరగదు, అడుగునకు దిగును. స్పిరిటులో కలిపిన పిమ్మటనే సిరావలె పారినది. నలువదియవ సంవత్సరమునకు నలువది కార్డులు చేసి, వరండాలో చాపపై ఆరబెట్టి భోజనమునకు లేచితిని.

తిరిగి వచ్చి చూతును గదా, తొలి కార్డుపై బొటనవ్రేలంత ఎర్రని మరక! ప్రక్కనే మా పెద్దమ్మ తాంబూలము వేసికొనుచు, కార్డును చేతబట్టి పరిశీలించుచున్నది. ఆమె వ్రేలికి సున్నము. పసుపు కాగితము క్షారము తగిలిన ఎర్రబారునని బడిలో నేర్చిన పాఠము నలువదియైదేండ్ల తరువాత నా కన్నుల యెదుట ఋజువైనది.

"ఏం చేస్తివే పెద్దమ్మా!"

"నువ్వేం చేసినవురా? కుంకుమ లేకుండ పసుపొక్కటే పంపుతవా ఎవరికన్న?" అని, ఆమె వ్రేలిని సున్నపు డబ్బీలో ముంచి, తక్కిన ముప్పదితొమ్మిదింటిపైనను వరుసగా ముద్రవేసెను. ఎన్నో యేండ్లుగా పింఛను కాగితములపై అభ్యసించిన చేయి. ఒక్కటియు వంకర పోలేదు.

తపాలా కార్యాలయమున కౌంటరులోని అమ్మాయి పసుపును, ఎరుపును చూచి, "పెండ్లి ఎవరిది సారూ?" అనెను. షష్టిపూర్తినాడు కట్టుకొన్న భార్యకే మరల తాళి కట్టవలసియున్నది గనుక, అబద్ధమాడకుండ, "నాదే" అంటిని. ఆమె ముద్ర వేయుట మాని నన్ను కొంతసేపు చూచెను.

మూడు వారములకు మేనకోడలు ఫోను చేసినది. మామిడాకును గూర్చి అడుగలేదు. గరిజెల చక్రపు అంచును గుర్తింపలేదు. 'రా'ను గూర్చి మాటలాడకపోవుట ఆమె మర్యాద.

"మామయ్యా, అన్నిటికంటె ఆ ఎర్ర స్టాంపు మస్తున్నది. గీతలు ఎంత సన్నగ పడ్డయో! ఇక్కడ షాపులన్నీ చూసిన, అటువంటిది లేదు. యాడ కొన్నరు?"

ఆ స్టాంపు అప్పుడు వరండాలో కూర్చుండి తమలపాకునకు ఈనె తీయుచుండెను.